కొల్లేటి సీమ పుణ్యక్షేత్రాలు: చరిత్ర, వివాదాలు, క్షేమంగా వెళ్ళిరావడం

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, కొల్లేరు సరస్సు చుట్టూ ఉన్న పల్లపు నేలనూ దానికి ఉత్తరాన ఉన్న మెరకనూ కలిపి కొల్లేటి సీమ అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరు దీని ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు కైకలూరు, కలిదిండి, మండవల్లి మండలాలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిపోయింది. బౌద్ధుల గుహలు, వేంగి రాజుల శిథిలాలు, పంచారామాల్లో రెండు, చిన్నతిరుపతి, లంక నడుమ వెలసిన అమ్మవారు, మేరీమాత కొండ ఈ సీమలోనూ దీని అంచుల్లోనూ ఒకపూట ప్రయాణంలో చేరుకునేంత దగ్గరలో ఉన్నాయి. గుడి గడప దగ్గర ఇక్కడ ఎవరికీ ప్రమాదం లేదు. ప్రమాదమంతా దారిలో ఉంది. నీళ్ళు, జనసమ్మర్దం, నేల తగాదాలు అనే మూడూ కలిసినప్పుడు దారి కష్టమవుతుంది. ఈ వ్యాసం ఆ దారి గురించే ఎక్కువ చెబుతుంది.

యుద్ధాల నేల

ఇప్పుడు పచ్చటి చేలు, చేపల చెరువులు కనిపించే ఈ నేల కోసం వెయ్యేళ్ళపాటు రాజులు కొట్టుకున్నారు. ఏలూరికి ఉత్తరాన ఉన్న పెదవేగి నాటి వేంగీపురం. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదిమీద దండెత్తినప్పుడు ఓడించిన రాజుల జాబితా అలహాబాదు స్తంభశాసనంలో ఉంది. అందులో వేంగిని ఏలిన హస్తివర్మ పేరు కనిపిస్తుంది. ఆయన శాలంకాయన వంశీయుడు. ఆ వంశం వారు తమ శాసనాల్లో చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకున్నారు. చిత్రరథస్వామి అంటే సూర్యుడు. పెదవేగి దిబ్బల్లో ఆ స్వామి ఆలయ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

తరవాత చాళుక్య రెండో పులకేశి వచ్చాడు. 634 ప్రాంతంలో ఐహొళెలో రవికీర్తి చెక్కించిన ప్రశస్తిలో కునాల జలాలు చచ్చినవారి నెత్తురుతో ఎర్రబడ్డాయన్న వర్ణన ఉంది. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడితో వేంగి చాళుక్యుల పాలన మొదలైంది.

ఆ గెలుపు జరిగి ఎన్నో ఏళ్ళు కాకముందే చైనా నుంచి వచ్చిన బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ ఈ దేశంలో అడుగుపెట్టాడు. వేంగి చుట్టుపట్ల ఇరవైకి పైగా సంఘారామాలు, వాటిలో సుమారు 3,000 మంది భిక్షువులు, ముప్పై దేవాలయాలు ఉన్నాయని రాసుకున్నాడు. పాత పాలన పోయి కొత్త పాలన వచ్చిన నేలమీద పరదేశి భిక్షువు ఒకడు ఆరామం నుంచి ఆరామానికి నడిచాడన్నమాట. ఏ సైన్యం ఎటు కదులుతోందో ఆయనకు చెప్పింది రాజులు కాదు, ఆరామాల్లో ఉన్నవారే అయి ఉండాలి. ఈ సీమలో యాత్ర ఎలా చెయ్యాలో అక్కడే ఒక పాఠం ఉంది. దానికి మళ్ళీ వస్తాను.

పదకొండో శతాబ్దంలో వేంగి సింహాసనం చోళులకూ కళ్యాణి చాళుక్యులకూ నడుమ పందెమైంది. రాజరాజనరేంద్రుడి పక్షాన వచ్చిన ముగ్గురు చోళ సేనానులు కలిదిండి దగ్గర కళ్యాణి చాళుక్యుల కర్ణాట సైన్యంతో పోరాడి చనిపోయారు. వారి స్మృతికి రాజు శివాలయాలు కట్టించి భూములిచ్చాడు. ఆ సంగతి కలిదిండి తామ్రశాసనంలో ఉంది. యుద్ధంలో పోయినవారికి రాతిస్తంభం నిలపడం మనకు తెలుసు. ఇక్కడ గుడే వీరగల్లయింది. నేడు కలిదిండిలో పాతాళ భోగేశ్వరస్వామి ఆలయం పూజలందుకుంటోంది.

కొల్లేటికోటది ఇంకో కథ. ఒడ్డె గజపతుల లాంగూల నరసింహదేవుడు సరస్సు నడుమ లంకలో కోట కట్టుకున్నాడట. చిగురుకోట దగ్గర దిగిన శత్రు సేనాని కోటను పట్టుకోలేక, సరస్సు నీటిని సముద్రంలోకి వదిలేద్దామని కాలువ తవ్వించాడట. కాలువ పారడానికి తన కూతురినే బలి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఉప్పుటేరుమీద పేరంటాలకనుమ అన్న పేరు ఆమె వల్లనే వచ్చిందంటారు. ఈ కథలో చరిత్ర ఎంతో తేల్చడం కష్టం. కానీ కొల్లేటి నీళ్ళు ఎటు పోవాలన్న తగాదా ఎంత పాతదో అది చెబుతుంది. ఆ తగాదా ఇప్పటికీ తీరలేదు.

కొల్లేటి చేంతాడు

అంతులేని వ్యవహారాన్ని తెలుగువారు కొల్లేటి చేంతాడంటారు. ఈ సరస్సు వివాదానికి ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళు ఇందులో చేరతాయి. బయటికి పోయే ప్రధాన దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలంలో పొంగి ఎండాకాలంలో తగ్గే ఈ నేలమీద 1970ల తరవాత చేపల చెరువులు పుట్టగొడుగుల్లా లేచాయి. 1999 అక్టోబరులో ప్రభుత్వం, సముద్రమట్టం నుంచి నేల ఎత్తును సూచించే గీతల్లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లు దించి అభయారణ్యంలోని చెరువు గట్లను కొట్టేశారు. 2008లో శాసనసభ సరిహద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. తరవాత కమిటీలు, కోర్టులు. 2025లోనూ ఈ వ్యవహారం సుప్రీంకోర్టు ముందుంది.

ఇందులో రెండు పక్షాలకీ బాధ ఉంది. లంక గ్రామాల్లో తరతరాలుగా బతుకుతున్న వడ్డీలనే మత్స్యకారులకు సరస్సే పొలం, సరస్సే ఇల్లు. చెరువు గట్టు కొట్టేస్తే వారి పూట గడవదు. గట్లు ఉంటే నీటికి దారి ఉండదు, పక్షికి చోటు ఉండదు, ఎగువ ఊళ్ళు మునుగుతాయి. బయటివాళ్ళు పెట్టుబడి పెట్టి వేసిన చెరువులు, లంకవాసులు తమ బతుకు కోసం వేసుకున్న చెరువులు ఒకటి కావు. ఈ తేడా చూడకుండా తీర్పు చెప్పేవారి మాట లంకల్లో ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు.

యాత్రికుడికి ఈ గొడవతో ఏం పని అనుకోవచ్చు. పని ఉంది. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మవారి గుడికి వెళ్ళే దారి ఈ గట్ల మధ్య నుంచే పోతుంది. అధికారులు సర్వేకి వచ్చిన రోజున, గట్లు కొట్టే రోజున, ధర్నా జరిగే రోజున ఆ దారి మూసుకుపోవచ్చు. అలాంటి రోజు కొత్తవాడు సెల్‌ఫోను ఎత్తి వీడియో తీస్తే, ఏ శాఖ మనిషో, ఏ పార్టీ మనిషో అని చుట్టూ ఉన్నవారు అనుమానిస్తారు. అది వారి తప్పు కాదు. బతుకుతెరువు మీద కొట్లాట నడుస్తున్న చోట కెమెరా ఎత్తకూడదు. మీ అభిప్రాయం అడిగితే, పెద్దింట్లమ్మ దర్శనానికి వచ్చామని చెప్పండి. ఆ ఒక్క మాటకు లంకల్లో దారీ దొరుకుతుంది, తాగడానికి మజ్జిగా దొరుకుతుంది.

పెద్దింట్లమ్మ

కొల్లేటికోట పెద్దింట్లమ్మను జలదుర్గ అంటారు. ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది. గోకర్ణేశ్వరస్వామితో అమ్మవారి కళ్యాణం అప్పుడే. పూర్వం పడవలు, తాటిదోనెల మీదే వెళ్ళేవారు. ఇప్పుడు రోడ్డు ఉంది, బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు వెళ్తున్నాయి. అయినా జాతర రోజుల్లో ఇరుకు గట్టుమీద ఎదురెదురుగా వాహనాలు ఇరుక్కుంటే గంటలకొద్దీ కదలవు. ఒకపక్క చెరువు, ఇంకోపక్క డ్రెయిను. పసిపిల్లలను చంకనెత్తుకుని దిగి నడిచే తల్లులు అక్కడ కనిపిస్తారు. ఆదివారం వెళ్ళాలనుకునేవారు తెల్లవారకముందే బయలుదేరాలి. వీలుంటే మామూలు రోజు చూసుకోవడం ఇంకా మంచిది.

దోనె ఎక్కే సరదా ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొల్లేరు లోతు లేనిదే, కానీ అడుగున బురద. మునిగితే కాలు పైకి రాదు. గుర్రపుడెక్క, కిక్కిస కాళ్ళకు చుట్టుకుంటాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. గండిపోచమ్మ గుడి దగ్గర బయలుదేరిన ఆ పడవలో 77 మంది ఉన్నారు. బతికి బయటపడింది 26 మందే. నదికీ సరస్సుకీ పోలిక లేదు, కానీ లైఫ్ జాకెట్టు విషయంలో తేడా ఏమీ లేదు. జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కకండి. ఎక్కిన తరవాత కట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకోకండి.

గుడుల గొడవలు, ఊళ్ళ గొడవలు

ఈ సీమ అంచుల్లో, గోదావరి అవతలా, ఇటీవలి కాలంలో రెండు సంఘటనలు యాత్రికుల దారిని నేరుగా దెబ్బతీశాయి. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం అర్ధరాత్రి కాలిపోయింది. ఊరంతా ఆందోళనలు, నిషేధాజ్ఞలు. ఆ ఏడాది చివర రామతీర్థంలో విగ్రహ ధ్వంసంతో కలిపి రాష్ట్రమంతా గుడుల చుట్టూ రాజకీయం వేడెక్కింది. అంతర్వేదికి కొత్త రథం కొద్ది నెలల్లోనే సిద్ధమైంది.

రెండోది 2022 మే 24. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడంపై అమలాపురంలో హింస చెలరేగింది. ప్రజాప్రతినిధుల ఇళ్ళు తగలబెట్టారు. బస్సులు కాలిపోయాయి. 144వ సెక్షను పెట్టి రోజులకొద్దీ ఇంటర్నెట్ ఆపేశారు. ఇది గుడుల గొడవ కాదు. కానీ పాలకొల్లు క్షీరారామం చూసుకుని ద్రాక్షారామం వెళ్ళే దారి అటే పోతుంది. అలాంటి రోజుల్లో కోనసీమలోకి దిగకుండా నిడదవోలు, కొవ్వూరు, రాజమహేంద్రవరం, రామచంద్రపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. దూరం పెరుగుతుంది, మనశ్శాంతి మిగులుతుంది. ఇంటర్నెట్ ఆగితే మ్యాపు పనిచెయ్యదు, ఫోన్‌పే పనిచెయ్యదు. కాబట్టి చేతిలో కొంత నగదు, కాగితం మీద రాసుకున్న ఫోను నంబర్లు, పాత పద్ధతిలో ఊళ్ళ పేర్ల వరస ఉంచుకోవాలి.

ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు చేసింది ఇదే. ప్రతి మజిలీలో నీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళున్నాయా, దారి ఎలాంటిది అన్నవి రాసుకుంటూ వెళ్ళాడు. ఆయన ఉత్తరాలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. తెలుగులో యాత్రా భద్రత గురించి అంతకన్న పనికొచ్చే పాత పుస్తకం నాకు కనిపించలేదు. వీరాస్వామి చేసినదీ, అంతకు వెయ్యేళ్ళు పైబడి ముందు వేంగికి వచ్చిన భిక్షువు చేసినదీ ఒకటే పని. ఈ రోజు దారి ఎలా ఉందో ఆ రోజు ఆ ఊళ్ళో ఉన్నవాడిని అడగడం. నిన్నటి పేపరు చాలదు.

కొండలమీద, మెరకలమీద

ఏలూరుకు ఉత్తరాన కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం, దాని పక్కనే గుంటుపల్లి బౌద్ధ గుహలు. క్రీస్తుకు పూర్వపు కట్టడాలివి. అక్కడి గుండ్రటి చైత్యగుహలోకి వంగి అడుగుపెట్టి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. తలెత్తి చూస్తే కప్పుకు అడుగున రాతి వాసాలు కనబడతాయి. పూరిపాకలో దూలాలు, వాసాలు ఎలా కలుస్తాయో అచ్చం అలాగే రాయిని చెక్కారు. రాతికి ఆ వాసాల అవసరమే లేదు. అంతకుముందు చెక్కతో కట్టిన గుడి ఎలా ఉండేదో మరిచిపోకూడదని శిల్పి అలా చెక్కాడనిపిస్తుంది. మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు సన్నటి దారి. ఈ స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. పసుపు కుంకుమలు పెడతారు, పూలు వేస్తారు. బుద్ధుడి స్తూపం శివుడైంది, గుహ మాత్రం అలాగే ఉంది. మనుషుల భక్తి కాపాడినంత బాగా ఏ కంచే దీన్ని ఇన్ని శతాబ్దాలు కాపాడలేదని నా నమ్మకం. ఇప్పుడు ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోడలమీద పేర్లు గీయడం 1958 చట్టం కింద శిక్షార్హమైన నేరం. ఎండాకాలంలో కొండ రాయి కాలుతుంది, నీడ తక్కువ. ఉదయాన్నే ఎక్కి పదకొండు లోపు దిగిపోవాలి. గుహల్లో పాములుంటాయి కనుక టార్చి లేకుండా మూలల్లోకి వెళ్ళకూడదు.

ద్వారకా తిరుమలకు భీమడోలు నుంచి దారి. చిన్నతిరుపతి అని పిలుచుకునే ఈ గుళ్ళో ఒకే విమానం కింద రెండు మూలమూర్తులు. ద్వారకుడనే ముని పుట్టలో కనుగొన్న మూర్తికి పైభాగమే దర్శనమిస్తుంది. తరవాత ప్రతిష్ఠించినది నిండు విగ్రహం. రెండు మూర్తులున్నందున వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి కళ్యాణోత్సవాలు చేస్తారు. మూలవిరాట్టుకు అభిషేకం లేదు. చుక్క నీరు పడినా కింద ఉన్న ఎర్రచీమలు కదులుతాయని పెద్దల మాట. ఆ చీమల బాధ కూడా లెక్కలోకి తీసుకున్న ఆచారం ఇది. శనివారం, కళ్యాణ దినాలు తప్పిస్తే దర్శనం తేలిక.

భీమవరం గునుపూడిలోని సోమారామం, పాలకొల్లులోని క్షీరారామం పంచారామాల్లోవి. సోమేశ్వరలింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకు నల్లబడి కనిపిస్తుందని ప్రసిద్ధి. కార్తీక సోమవారాల్లో ఒకే రోజు అయిదు ఆరామాలూ తిప్పే ఆర్టీసీ బస్సులు వేస్తారు. పొద్దున్నే మొదలై అర్ధరాత్రికి ముగిసే ప్రయాణం అది. వయసు మళ్ళినవారికి, బీపీ మాత్రలు వేసుకునేవారికి ఒక్క రోజులో అయిదూ చూడాలన్న పట్టుదల తగదు. రెండు రోజులు పెట్టుకోండి.

తాడేపల్లిగూడెం వైపు నుంచి వెళ్ళేవారు దేవరపల్లి మండలం గౌరీపట్నంలోని నిర్మలగిరి మేరీమాత కొండను కూడా చూస్తారు. మార్చిలో ఉత్సవాలు. అక్కడికి వచ్చేవారంతా క్రైస్తవులే కారు. పిల్లలు లేనివారు, జబ్బు చేసినవారు మతం చూసుకోకుండా కొవ్వొత్తి వెలిగిస్తారు. ఈ సీమ స్వభావం అది.

జనంలో

గుంపుల్లో జరిగే ప్రమాదాలు మనకు కొత్త కావు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడిన ఆరుగురు పోయారు. ఈ రెండు చోట్లా జనం చాలాసేపు ఆగి ఉండగా ఒక్కసారిగా దారి తెరుచుకుంది, లేదా తెరుచుకుందనుకున్నారు. కాబట్టి గేటు ముందు గంటలకొద్దీ ఒత్తుకుని నిలబడి ఉంటే, ఆ గేటు తెరిచే సమయానికి అక్కడ ఉండకపోవడమే మేలు. పక్కకి జరగండి. పిల్లల జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. నలిగిపోతున్నామనిపిస్తే రెండు చేతులూ గుండె ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోవాలి, జారిన చెప్పు కోసం వంగకూడదు. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు.

ఒక మాట నీళ్ళ గురించి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అప్పటినుంచి ఏలూరువారే తాగునీటి విషయంలో జాగ్రత్త పడుతున్నారు. బయటినుంచి వచ్చినవారు నీళ్ళు వెంట తెచ్చుకోవడం మంచిది.

దూరదేశ యాత్ర

రాజకీయ ఉద్రిక్తతల నడుమ తెలుగువారు చేసే యాత్ర అంటే చాలామందికి జెరూసలేం గుర్తుకొస్తుంది. గోదావరి జిల్లాల నుంచి క్రైస్తవులు ఎన్నో ఏళ్ళుగా వెళ్తున్నారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం మూడు లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవారికి ఇచ్చే సాయాన్ని రూ. 40,000 నుంచి రూ. 60,000కు పెంచింది. 2023 అక్టోబరు 7న అక్కడ యుద్ధం మొదలైన తరవాత ఆ యాత్రలు ఆగిపోయాయి. ఇజ్రాయెల్లో వృద్ధుల సేవలో ఉన్న తెలుగువారు ఆ రోజుల్లో సైరన్ల మధ్య గడిపారు. అక్కడికి మళ్ళీ బయలుదేరేవారు విదేశాంగశాఖ హెచ్చరికలు చూసుకుని, రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, యుద్ధం వల్ల రద్దయినా డబ్బు తిరిగి వచ్చే బీమా తీసుకుని వెళ్ళాలి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటిలో యుద్ధం మినహాయింపు. చిన్న అక్షరాలు చదవండి.

వరదల్లో

దేశం దాటకుండా కొల్లేటికే వచ్చేవారికి అతి పెద్ద ముప్పు వరద. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్ళే కిందికి కొల్లేట్లోకి వచ్చాయి. విజయవాడలో తగ్గుముఖం పట్టిన తరవాతే ఇక్కడి లంకలు మునగడం మొదలైంది. ఏలూరు–కైకలూరు రోడ్డుమీద చినఎడ్లగాడి దగ్గర నీళ్ళు పారి రాకపోకలు ఆగాయి. కొల్లేటి వరద తీరే అది. ఎగువన వాన ఆగిన మూడు నాలుగు రోజులకు, ఆకాశం తేటగా ఉండగా, ఇక్కడ రోడ్డు మునుగుతుంది. ఎండ కాస్తోంది కదా అని కారు దించినవాళ్ళు ఆ నీళ్ళలోనే చిక్కుకుంటారు. రోడ్డుమీద పారే నీళ్ళలో గట్టు అంచు కనబడదు. మోకాలెత్తు ప్రవాహంలో కూడా కారు కొట్టుకుపోతుంది. దానిలోకి దిగవద్దు.

అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, విపత్తు నియంత్రణ గదికి 1070. కొల్లేటి నీటిమట్టాన్ని పెదఎడ్లగాడి వంతెన దగ్గర కొలుస్తారు. ఆగస్టు నుంచి నవంబరు దాకా పెద్దింట్లమ్మ దగ్గరికి వెళ్ళేవారు, బయలుదేరే ముందురోజు కైకలూరులో తెలిసినవారికి ఫోను చేసి ఆ నీటిమట్టం ఎంత ఉందో కనుక్కోండి.